చెవిలోని చిన్న కండరం కోసం కట్టిన యంత్రం

ఆటిజం ఉన్న పిల్లలలో చాలామందికి కొన్ని శబ్దాలు భరించరానివిగా ఉంటాయన్న సంగతి ఆ స్థితికి పేరు పెట్టిన నాటినుంచీ వైద్యులకు తెలిసినదే. 1943లో లియో కానర్ పదకొండు మంది పిల్లలను పరిశీలించి రాసిన తొలి పత్రంలోనే వాక్యూమ్ క్లీనరుకు, లిఫ్టుకు, గుడ్లు గిలక్కొట్టే యంత్రానికి, పారే నీటికి, ఒక్కోసారి గాలికి కూడా హడలిపోయే పిల్లలు కనిపిస్తారు. ఖమ్మం, భద్రాచలం అడవుల అంచున ఉన్న ములకలపల్లి వంటి మండలంలో ఆ భయాలు మిక్సీ, కుక్కర్ కూత, వరికోత మిషను, పెళ్లి ఊరేగింపులో డీజే, కోయల కొమ్ము నృత్యంలో మోగే పెద్ద డోళ్లు, శ్రీరామనవమి పందిట్లో మైకుసెట్టు రూపంలో ఎదురవుతాయి. ఇలా చెవులు మూసుకునే పిల్లలకు వినికిడి పరీక్ష చేస్తే చాలాసార్లు ఫలితం మామూలుగానే వస్తుంది కనుక, చెవి బాగానే ఉండగా బాధ ఎక్కడ పుడుతున్నదన్న ప్రశ్న మిగిలిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు చెవి మధ్యభాగంలోని ఒక కండరంలో ఉందని, దానికి కసరత్తు చేయించే యంత్రాన్ని కట్టవచ్చని ఫ్రాన్సులో ఇద్దరు వైద్యులు నమ్మారు; గురుశిష్యులుగా మొదలై ప్రత్యర్థులైన ఆ ఇద్దరి కథే శబ్ద చికిత్సా యంత్రాల కథ.

ముందుగా ఆ కండరం ఏమి చేస్తుందో చూడాలి. శబ్దం కర్ణభేరిని కదిపితే ఆ కదలిక కూటకం, దాగలి, అంకవన్నె అనే మూడు చిన్న ఎముకల గుండా లోపలి చెవిలోని ద్రవానికి చేరుతుంది. వీటిలో చివరిదైన అంకవన్నెకు స్టెపీడియస్ అనే కండరం అతికి ఉంటుంది. దాదాపు 6 మిల్లీమీటర్ల పొడవున్న ఇది అస్థిపంజరానికి అంటుకున్న మానవ కండరాలన్నిటిలోకీ చిన్నది. శబ్దం దాదాపు 70 నుంచి 100 డెసిబెల్స్ మధ్య ఎక్కడో ఒక మట్టాన్ని దాటగానే మన ప్రమేయం లేకుండానే ఈ కండరం బిగుసుకొని ఎముకల గొలుసును బిర్రుగా పట్టి ఉంచుతుంది, దానితో లోపలికి పోయే శక్తి తగ్గుతుంది. ఈ అడ్డుకట్ట అన్ని శబ్దాలనూ సమానంగా ఆపకపోవడమే ఇందులోని చమత్కారం: డోలు దద్దరిల్లడం, ఇంజను గురగుర వంటి తక్కువ పౌనఃపున్యపు శబ్దాలను, అంటే సెకనుకు తక్కువసార్లు కంపించే మంద్ర శబ్దాలను, ఇది బాగా తగ్గిస్తుంది గాని, స, శ వంటి హల్లులను గుర్తుపట్టించే వేల హెర్ట్జ్‌ల తార శబ్దాలను దాదాపు తాకదు. మంద్ర శబ్దం తార శబ్దాన్ని కప్పివేస్తుంది గనుక, ఆ కప్పును పలచబరచడం ద్వారా ఈ కండరం రొదలో మాట వినిపించేలా చేస్తుంది. మనం నోరు తెరిచి మాట్లాడబోయే ముందు కూడా ఇది బిగుసుకుంటుంది. గబ్బిలం తన కూతకు తానే చెవుడు తెచ్చుకోకుండా కాపాడుకొనేది సరిగ్గా ఈ పద్ధతిలోనే. ముఖనాడి దెబ్బతిని మూతి ఒక పక్కకు వంకరపోయిన రోగులలో ఈ కండరం కూడా చచ్చుబడి, ఆ వైపు చెవికి మామూలు చప్పుళ్లే పెద్దవిగా తగలడం వైద్యులు తరచుగా చూసేదే కనుక, శబ్దభీతికి మూలం ఈ కండరమేనన్న ఊహ ఆధారం లేనిది కాదు.

ఆల్ఫ్రెడ్ తొమాతీ (1920–2001) ఓపెరా గాయకుడి కుమారుడు, చెవి ముక్కు గొంతు వైద్యుడు. విమాన కర్మాగారాల రొదలో వినికిడి పోగొట్టుకున్న కార్మికులను ఒక వైపు, గొంతు చెడిన గాయకులను మరో వైపు పరీక్షిస్తూ వచ్చిన ఆయన, చెవి ఏ పౌనఃపున్యాలను కోల్పోతే కంఠమూ ఆ పౌనఃపున్యాలనే కోల్పోతున్నదని, వినగలిగినదాన్నే గొంతు పలకగలదని తేల్చి, 1957లో ఫ్రెంచ్ సైన్స్ అకాడమీ ముందుంచాడు. ఆ సూత్రం నుంచి పుట్టినదే ఎలక్ట్రానిక్ చెవి అనే యంత్రం. దీనిలో సంగీతం రెండు మార్గాలలో ప్రయాణిస్తుంది: ఒక మార్గం మంద్ర స్థాయిని పెంచి తారాన్ని తగ్గిస్తుంది, రెండవది తారాన్ని పెంచి మంద్రాన్ని తగ్గిస్తుంది, ఈ రెండింటి మధ్య ఒక ఎలక్ట్రానిక్ ద్వారం ఉంటుంది. సంగీతం మెల్లగా సాగుతున్నంతసేపు మొదటి మార్గమే తెరిచి ఉండి కండరం సడలి ఉంటుంది. స్వరం నిర్ణీత తీవ్రతను దాటిన క్షణాన ద్వారం రెండవ మార్గానికి మారి కండరం బిగుసుకోవలసి వస్తుంది. వయొలిన్ ఎక్కి దిగిన ప్రతిసారీ ఇది జరుగుతూ ఉంటుంది కాబట్టి, తొమాతీ లెక్క ప్రకారం సంగీతమే కసరత్తుగా మారి చెవి తనంతట తానే సర్దుకోవడం నేర్చుకుంటుంది. తలపై నడినెత్తి దగ్గర ఆనించే మరో కంపన సాధనం అదే శబ్దాన్ని పుర్రె ఎముక ద్వారా గాలి శబ్దం కంటే ఒకింత ముందుగా పంపి, రాబోయేదానికి చెవిని సిద్ధం చేస్తుంది. పొడవాటి సిద్ధాంతాన్ని ఇంత పొందికైన సర్క్యూటుగా మలచడం అరుదైన నేర్పు. ఫలితాలపై ఎవరికెన్ని సందేహాలున్నా ఆ ద్వారం అందాన్ని కాదనడం కష్టం.

గీ బెరార్ అనే వైద్యుడు తన వినికిడి సమస్యతో తొమాతీని ఆశ్రయించి, ఆయన పద్ధతిని దగ్గరుండి నేర్చి, తరువాత విడిపోయాడు. తొమాతీ దృష్టిలో వినడం మనసుకు సంబంధించినది; ఆయన పిల్లలకు మొజార్ట్ సంగీతంతోపాటు, గర్భంలో శిశువు విన్నట్టుగా ఉంటుందని తలచి మంద్రాన్ని వడకట్టి తీసేసిన తల్లి గొంతును వినిపించేవాడు, చికిత్స నెలల తరబడి సాగేది. బెరార్‌కు ఆ మనస్తత్వ భాగమంతా అనవసరంగా తోచింది. వినికిడి పటం, అంటే ఏ పౌనఃపున్యాన్ని ఎంత తీవ్రత వద్ద వినగలుగుతారో చూపే గీత, ఒకటి రెండు చోట్ల శిఖరాలుగా లేస్తే ఆ పౌనఃపున్యాల వద్దే బాధ పుడుతుందని, శిఖరాలను చదును చేస్తే బాధ పోతుందని ఆయన వాదన. అందుకని ఆయన యంత్రమైన ఆడియోకైనెట్రాన్, హుషారైన పాటల నుంచి ఆ శిఖర పౌనఃపున్యాలను సన్నని వడపోతతో తీసేసి, మిగిలినదాన్ని మంద్రానికీ తారానికీ మధ్య ఎప్పుడు మారుతుందో ముందుగా తెలియకుండా మారుస్తూ వినిపించేది. రోజుకు అరగంట చొప్పున రెండుసార్లు, పది రోజులు, మొత్తం పది గంటలు: తొమాతీ నెలలతో పోలిస్తే ఇది చాలా పొట్టి చికిత్స. గురువు యంత్రంలో ద్వారాన్ని తెరిచేది సంగీతమే కాగా, శిష్యుడి యంత్రంలో మార్పుకు సంగీతంతో పొత్తు లేదు; చెవి ఊహించలేకపోవడమే వ్యాయామమని బెరార్ భావించాడు.

1991లో అనాబెల్ స్టేలీ అనే అమెరికన్ తల్లి, ఫ్రాన్సులోని అనెసీ పట్టణంలో బెరార్ చికిత్స తరువాత ఆటిజం ఉన్న తన కూతురు కోలుకున్నదని పుస్తకం రాయడంతో ఈ చికిత్స అమెరికాలో పెద్ద ఎత్తున పాకింది, ఆ వెనుకనే పరీక్షలూ మొదలయ్యాయి. వాటిలో స్యూ బెటిసన్ 1996లో ప్రచురించిన ప్రయోగం చాలా చెబుతుంది: 80 మంది పిల్లలలో సగం మందికి యంత్రం మార్చిన సంగీతం, మిగిలిన సగానికి అదే సంగీతం మామూలుగా వినిపిస్తే రెండు జట్లూ ఒకే విధంగా మెరుగుపడ్డాయి. మార్పు వచ్చినమాట నిజమే, అయితే అది వడపోత తెచ్చినది కాదు. ఒక పిల్లవాడిని రోజూ శ్రద్ధగా కూర్చోబెట్టి సంగీతం వినిపించడంలో ఉన్న మేలును యంత్రం తన ఖాతాలో వేసుకుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఆడియోకైనెట్రాన్‌ను వైద్య పరికరంగా దిగుమతి కానివ్వలేదు. 182 మంది పాల్గొన్న ఏడు ప్రయోగాలను 2011లో కాక్రేన్ సంస్థ సమీక్షించి, ఈ చికిత్సలను సమర్థించే ఆధారం లేదని తేల్చింది. తరువాత స్టీఫెన్ పోర్జెస్ అనే పరిశోధకుడు కంప్యూటరు వడకట్టిన గాత్ర సంగీతంతో అదే కండరాన్ని మళ్లీ లక్ష్యం చేశాడు. పెద్ద శబ్దానికి ఈ కండరం తనంతట తాను బిగుసుకొనే ప్రతివర్తం ఆటిజం ఉన్న పిల్లలలో కొంత ఆలస్యంగా వస్తున్నట్టు 2013లో ఒక అధ్యయనం చూపింది కాబట్టి కండరాన్ని పూర్తిగా పక్కన పెట్టలేము. అయినా టపాకాయ పేలుడు కండరం బిగుసుకొనేలోపే లోపలికి దూసుకుపోతుంది, కుక్కర్ కూతలాంటి తార శబ్దాన్ని అది ఎలాగూ ఆపలేదు. పిల్లలను ఎక్కువగా బాధించేవి ఇలాంటి చప్పుళ్లే అయినప్పుడు కండరపు కసరత్తు ఒక్కటే వారిని కాపాడగలదనుకోవడం అత్యాశ.

ఇప్పుడు పరిశోధకులు మెదడు వైపు చూస్తున్నారు. మైకు నుంచి సన్నని ధ్వని వస్తుంటే మైకుసెట్టు మనిషి ఆంప్లిఫయరు పెంచుతాడు, ఆ పెంచిన స్థితిలో ఎవరైనా మామూలు గొంతుతో మాట్లాడినా స్పీకరు హోరెత్తుతుంది. చెవి నుంచి వచ్చే సంకేతాలను మెదడులోని శ్రవణ కేంద్రాలు హెచ్చించే తీరు కూడా ఇలాంటిదేనని ఈ ఊహ సారం. క్రెయిగ్ ఫార్మ్‌బీ బృందం 2003లో ప్రచురించిన ప్రయోగం దీనికి బలమిచ్చింది: మామూలు వినికిడి ఉన్నవారు రెండు వారాలు చెవుల్లో బిరడాలు పెట్టుకుంటే తరువాత శబ్దాలు వారికి ముందుకంటే పెద్దవిగా తోచాయి, సన్నని హోరు వినిపించే పరికరం పెట్టుకున్నవారికి అవే శబ్దాలు చిన్నవయ్యాయి. పిల్లవాడిపై ప్రేమతో ఇంట్లో రోజంతా చెవి కప్పులు తొడిగి ఉంచే తల్లిదండ్రులు తెలుసుకోవలసిన విషయం ఇదే. జాతరలో, ఊరేగింపులో, తప్పించుకోలేని పెద్ద చప్పుడులో కప్పులు వాడటం సబబే, అది బిడ్డకు రక్షణ. నిశ్శబ్దంగా ఉన్న ఇంట్లో గంటల తరబడి వాడటం మాత్రం భయాన్ని పెంచవచ్చు.

తెలుగు నేలపై ఈ బాధను లెక్కలోకి తెచ్చిన సాధనం సికింద్రాబాదులో పుట్టింది. 1984లో అక్కడ ఏర్పడిన జాతీయ మానసిక వికలాంగుల సంస్థ రూపొందించిన భారత ఆటిజం మాపనిలో 40 అంశాలుంటే, ఇంద్రియానుభవాలకు ఒక విభాగమే కేటాయించారు. 2016 వికలాంగుల హక్కుల చట్టం ఆటిజాన్ని వైకల్యాల జాబితాలో చేర్చాక ధ్రువపత్రం ఈ మాపని ఆధారంగానే వస్తున్నది. తెలంగాణలో మండల స్థాయిలో నడిచే భవిత కేంద్రాల ఉపాధ్యాయులకు, తల్లులకు ఖరీదైన వడపోత యంత్రం అవసరం లేదు. పిల్లవాడిని బెదరగొట్టే డోలు చప్పుడును ఫోనులో రికార్డు చేసి, వినీవినిపించనంత తక్కువ స్థాయిలో అతనికి ఇష్టమైన ఆట నడుస్తుండగా వినిపించి, ధ్వనిని పెంచే తగ్గించే పనిని అతని చేతికే వదిలి, ఏ రోజు ఎంతవరకు ఓర్చుకోగలిగితే అంతవరకే ఆగుతూ వారాల తరబడి పైకి పోవచ్చు. బెరార్ యంత్రంలో శబ్దం ఎప్పుడు మారుతుందో పిల్లవాడికి తెలియనివ్వలేదు, ఇక్కడ అది పూర్తిగా అతనికి తెలుసు. మిక్సీ వేసేముందు చెప్పడం, గంట కొట్టే ముందు తరగతిలో సంజ్ఞ చేయడం, పెళ్లి పందిట్లో స్పీకరుకు దూరంగా కూర్చోబెట్టడం కూడా ఈ చికిత్సలో భాగమే. 2000 నాటి శబ్దకాలుష్య నియమాలు నివాస ప్రాంతాలలో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ పరిమితి పెట్టాయి గనుక, ఊరేగింపు డీజేను తగ్గించమని అడిగే హక్కు ఆ పిల్లవాడి తల్లిదండ్రులకు ఇప్పటికే ఉంది.