మామిడి చెట్లు పెట్టిన ముహూర్తం

పెళ్ళికి ముహూర్తం పంతులుగారు పెడతారు, లేదంటే పాస్టరుగారితో మాట్లాడుకుని తేదీ ఖాయం చేసుకుంటారు. మా చెల్లెలి కూతురి పెళ్ళికి మాత్రం తోటలోని మామిడి చెట్లే ముహూర్తం పెట్టాయి. ఇటువాళ్ళు కొన్ని మాసాలు వద్దన్నారు, అటువాళ్ళు ఇంకొన్ని రోజులు వద్దన్నారు, మిగిలినవాటిలో చాలా భాగం చెట్లు వద్దన్నాయి. చివరికి మార్గశిర శుద్ధంలో కొద్ది రోజులు మిగిలాయి. ఆ రోజుల్లోనే చేశాం.

నేను కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. నూజివీడు దగ్గర మా మామగారి నాటి తోట ఉంది. ఎక్కువగా బంగినపల్లి, గట్టు వెంబడి చిన్నరసాలు. అమ్మాయి, అబ్బాయి ఇద్దరూ ఇంటర్ బైపీసీలో నా క్లాసులోనే చదివారు. హెర్బేరియం కోసం మొక్కలు సేకరించాక వాటిని పాత పేపర్ల మధ్య పెట్టి అదిమి, తడి పీల్చిన పేపర్లను రోజూ మార్చాలి. మార్చకపోతే బూజు పడుతుంది. విసుగు పుట్టించే పని, పిల్లలెవరూ రెండో రోజుకి ఉండరు. వీళ్ళిద్దరూ మాత్రం సెలవుల్లో కూడా వచ్చి మార్చేవాళ్ళు. నాకు అప్పుడే తెలిసింది.

అబ్బాయిది క్రైస్తవ కుటుంబం, మాది హిందూ కుటుంబం. ఇంటర్ అయింది, డిగ్రీలు అయ్యాయి, ఆమెకి విజయవాడలో, అతనికి విశాఖలో ఉద్యోగాలు వచ్చాయి. పారిపోయి గుళ్ళోనో రిజిస్ట్రారు ఆఫీసులోనో పెళ్ళి చేసుకోవడానికి వాళ్ళకేం అడ్డం లేదు. "పెద్దవాళ్ళు వచ్చి కూర్చుంటేనే చేసుకుంటాం పెద్దమ్మా" అంది అమ్మాయి. ఆ మాట మీద ఏళ్ళు గడిచాయి. అమ్మాయి తండ్రి, అంటే మా మరిది, ఇంట్లో ఆ ప్రసక్తే ఎత్తనిచ్చేవాడు కాదు. అతన్ని కదిలించింది మా అమ్మ. "పిల్లకి ముప్ఫై దాటాయి. ఆ కుర్రాడు ఇంకా మన గుమ్మం వైపే చూస్తున్నాడు. ఇంకేం పరీక్ష పెడతారు అల్లుడుగారూ?" అని అడిగింది. అతను ఆ పూట జవాబు చెప్పలేదు. వారం తిరక్కుండా వియ్యంకుడికి తనే ఫోన్ చేశాడు.

ఎక్కడ చెయ్యాలన్న ప్రశ్న వచ్చినప్పుడు తోట మాట నేనే అన్నాను. కల్యాణ మండపంలో చేస్తే వాళ్ళు చుట్టపుచూపుగా వచ్చినట్టుంటారు, చర్చిలో చేస్తే మనం అలా ఉంటాం. ఎవరో ఒకరు వెనక వరసలో కూర్చుని, ఎప్పుడు లేవాలో ఎప్పుడు చేతులు జోడించాలో పక్కవాళ్ళని చూసి తెలుసుకోవాలి. ఇంతకాలం ఎదురుచూసిన పిల్లల పెళ్ళిలో ఎవరూ అలా బెరుగ్గా కూర్చోకూడదని నాకు గట్టిగా అనిపించింది. చెట్ల కింద ఇరువైపులవాళ్ళూ ఇంటివాళ్ళే.

ఇక తేదీ. ఆషాఢం, భాద్రపదం, పుష్యం కుదరవంది మా అమ్మ. మూఢం అసలే కుదరదు. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమదినాల్లో శుభకార్యం వద్దన్నారు వియ్యపురాలు. రెండూ న్యాయమే, రాసుకున్నాను. తర్వాత చెట్ల సంగతి నేను చెప్పాను.

మామిడితోటలో పెళ్ళి అనగానే అందరికీ పూత కాలమే గుర్తొస్తుంది. కానీ పూత మీద తేనెమంచు పురుగు ఉంటుంది. అది రసం పీల్చి జిగట ద్రవం వదులుతుంది. ఆకుల మీద, కింద కూర్చున్నవాళ్ళ పట్టుచీరల మీద అది సన్నగా రాలుతుంది. అదీగాక ఆ రోజుల్లో రైతు మందు కొడతాడు, మందు కొట్టిన చెట్టు కింద భోజనాలు పెట్టకూడదు. చాలా తోటలు పూతకో పిందెకో గుత్తకు వెళ్ళిపోతాయి. అక్కడి నుంచి కోతలయ్యేదాకా తోట మీద మాట గుత్తదారుదే. ఏప్రిల్, మే నెలల్లో కోతలు, మండే ఎండలు. జూన్ నుంచి వానలు. అక్టోబరు, నవంబరుల్లో తుపానులు. డిసెంబరుని కూడా పూర్తిగా నమ్మలేం, 2023లో మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5నే. అయినా కార్తీకం వెళ్ళాక, పూత మొదలవక ముందు తోట ఖాళీగా ఉంటుంది. ఆకు ముదిరి, నేల ఆరి, పురుగు తక్కువగా ఉండే కాలం అదే.

ఏర్పాట్లు చూసే కుర్రాళ్ళు వచ్చి తోటంతా తిరిగారు. దుమ్ము లేవకుండా ట్యాంకరుతో తడుపుతాం, పచ్చగడ్డి పరుస్తాం, ప్రతి చెట్టుకీ మేకు కొట్టి లైట్ల దండలు కడతాం అన్నారు. చురుకైన పిల్లలు, నేను కుర్చీలు వేయించి వాళ్ళకి పాఠమే చెప్పాను. వానాకాలం పోయాక మామిడికి రెండు మూడు నెలలు నీళ్ళు పెట్టం. చెట్టు బెట్టకు రావాలి. బెట్టకు వచ్చిన కొమ్మే పూత వేస్తుంది, నీళ్ళు తగిలితే పూతకి బదులు చిగురు వేస్తుంది. ఒక్క పూట దుమ్ము కోసం ఏడాది పంటని వదులుకోలేం. కార్లు చెట్ల కిందికి రానివ్వకూడదు. ఆహారం తీసుకునే సన్నవేళ్ళు కొమ్మలు పరుచుకున్న మేర పైమట్టిలోనే ఉంటాయి, బరువుకి మట్టి గట్టిపడితే వాటికి గాలి ఆడదు. అందుకని బండ్లన్నీ కోత అయిపోయిన పక్క చేలో పెట్టించాం. మేకులు కొట్టిన చోట గాయమై తెగులు చేరుతుంది కాబట్టి కొబ్బరి తాడుతోనే కట్టారు. తెల్ల లైట్లకి పురుగులు మూగుతాయి, పసుపు లైట్లకి తక్కువ. అవి కూడా నడిచే దారి వెంబడి, మోకాలి ఎత్తులోనే పెట్టాం. పొయ్యిలు తోట బయట. పెద్దవాళ్ళకి నడక తగ్గేలా మరుగుదొడ్లు దగ్గర్లో పెట్టించడం ఎంతమాత్రం మరిచిపోకూడని పని.

పందిరి వెయ్యాలా వద్దా అన్నదాని మీద కొంత చర్చ జరిగింది. పెళ్ళింటి ముందు రాటలు నాటి, పైన కొబ్బరి మట్టలు పరిచి, అరటి బోదెలు నిలబెట్టి, మామిడి తోరణాలు కడతాం కదా. అదంతా తోటను వాకిట్లోకి తెచ్చుకోవడమే అని నేననుకుంటాను. తోటలోకే వెళ్ళాక పైన మట్టలెందుకు? అయితే రాట లేనిదే పెళ్ళి కాదంది అమ్మ. చెట్ల వరసల మధ్య ఖాళీలో ఒక్క రాట నాటాం. పసుపు రాసింది అమ్మ, మొదటి దండ కట్టింది వియ్యపురాలు. ఆ పక్క చెట్టుకి ఎప్పుడో నాటిన మల్లెతీగ అల్లుకుని ఉంటుంది. కాళిదాసు శకుంతల నాటకం మొదటి అంకంలో ఆశ్రమంలోని తీగమల్లె తనంతట తానే తియ్యమామిడిని వరించిందని చెలికత్తెలు చెప్పుకుంటారు. ఆ తీగకి వనజ్యోత్స్న అని పేరు కూడా ఉంది. ఈ కథ విని మా వియ్యంకుడు ఆ చెట్టు కిందే ఫోటో తీయించుకున్నాడు.

చట్టం సంగతి కొంచెం వివరంగా చెప్పాలి. ఇలాంటి జంటలు చాలామంది ఇక్కడే తికమకపడుతున్నారు. ఇద్దరూ హిందువులైతే కులాలు వేరైనా 1955 హిందూ వివాహ చట్టం సరిపోతుంది. కానీ ఆచార ప్రకారం పెళ్ళితంతు జరిగి ఉండాలి. తంతు లేకుండా చేతిలో సర్టిఫికెట్ ఒక్కటే ఉంటే చాలదని సుప్రీంకోర్టు 2024లో స్పష్టంగా చెప్పింది. మతాలు వేరై, ఎవరి మతంలో వాళ్ళు ఉండదలిస్తే 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం ఉంది. ఇద్దరిలో ఒకరైనా నోటీసు ఇచ్చే జిల్లాలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. వివాహాధికారికి నోటీసు ఇస్తే దాన్ని ఆఫీసులో అందరికీ కనిపించేలా పెడతారు. 30 రోజుల్లో అభ్యంతరాలు రావచ్చు, కానీ మతం వేరనో ఇంట్లోవాళ్ళకి ఇష్టం లేదనో చెప్పేవి చెల్లవు. వయసు, ఇదివరకే పెళ్ళయి భార్యో భర్తో జీవించి ఉండటం, దగ్గరి రక్తసంబంధం, మానసిక స్థితి వంటి షరతుల మీదే అడ్డు చెప్పాలి. నోటీసు ఇచ్చిన 3 నెలల్లోపు పెళ్ళి జరగకపోతే మళ్ళీ మొదటికి వస్తుంది. ముగ్గురు సాక్షులు కావాలి. వధూవరులు ఒకరినొకరు చట్టబద్ధంగా భార్యగా, భర్తగా స్వీకరిస్తున్నామని అధికారి ఎదుట నోటితో చెప్పాలి.

ఈ చట్టంలో నాకు బాగా నచ్చిన వెసులుబాటు ఒకటుంది. అదనపు రుసుము కడితే, ఆఫీసుకి సహేతుకమైన దూరంలో వధూవరులు కోరిన చోట కూడా పెళ్ళి జరపవచ్చు. ఏ పద్ధతిలో చేసుకుంటారో వాళ్ళ ఇష్టం. అంటే తోటలో పెళ్ళికి చట్టంలోనే చోటుంది. ఆస్తుల విషయం మాత్రం ముందే లాయరుని అడిగి తెలుసుకోవాలి. ఈ చట్టం కింద హిందువు వేరే మతస్థుల్ని పెళ్ళాడితే ఉమ్మడి కుటుంబం నుంచి వేరుపడినట్టు లెక్క, వారసత్వం 1925 భారత వారసత్వ చట్టం ప్రకారం నడుస్తుంది. మా మరిదికి ఇది చెప్పినప్పుడు అతను కాగితం తీసుకుని రెండుసార్లు చదివి, కూతురికి ఇవ్వదలచినది అప్పుడే రాసి ఇచ్చాడు.

మావాళ్ళు అక్టోబరులోనే నోటీసు ఇచ్చారు. తోటలో పెళ్ళికి ముందురోజు ఆఫీసులోనే సంతకాలు చేసి వచ్చారు. ఇందులో నా స్వార్థం కొంత ఉంది. అరుంధతిని పెళ్ళయ్యాక చూపించాలి. మండపాల్లో పట్టపగలు పైకప్పు వైపు చెయ్యెత్తి "అదుగో అరుంధతి" అనడం, తల ఊపి కిందికి చూడటం ఇంతవరకూ ఎన్ని పెళ్ళిళ్ళలో చూశానో! ఈ ఇద్దరికైనా నిజంగా చూపించాలనుకున్నాను. మార్గశిరంలో సప్తర్షులు అర్ధరాత్రి దాటాక ఈశాన్యంలో పైకొస్తారు, నాలుగింటికి చక్కటి ఎత్తులో ఉంటారు. శుద్ధ పక్షం తొలి రోజులు కాబట్టి చంద్రుడు రాత్రి పెందరాళే అస్తమిస్తాడు, తెల్లవారుజామున ఆకాశం చీకటిగా ఉంటుంది. పంచాంగం, ఆకాశం అలా కలిసొచ్చాయి.

నాలుగు దాటాక లైట్లన్నీ తీయించాను. శాలువాలు కప్పుకుని అందరం తోట అంచుకి వచ్చాం. సప్తర్షి మండలం గరిటెలా ఉంటుంది కదా, దాని కాడలో చివరి నుంచి రెండో చుక్క వశిష్ఠుడు. దాన్ని ఆనుకుని మసకగా మెరిసేది అరుంధతి. రెండూ మనకి దాదాపు 80 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నాయి. కళ్ళజోడు తుడుచుకుని మరీ చూసింది మా అమ్మ. మా మరిదికి దొరకలేదు. అల్లుడు వెనక నిలబడి, ఆయన భుజం మీదుగా చెయ్యి చాపి చూపించాడు. పాస్టరుగారు చాలాసేపు అటే చూసి, తెలుగు బైబిల్లో యోబు గ్రంథంలో ఈ సప్తర్షుల ప్రస్తావన ఉందని చెప్పారు. "అలాగా!" అంటూ పంతులుగారు ఆ అధ్యాయం ఏదో అడిగి తెలుసుకున్నారు.

తెల్లవారాక జీలకర్ర బెల్లం, దండలు, పాస్టరుగారి ప్రార్థన, తాళి, తలంబ్రాలు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకూ మైకులు పెట్టకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు చెబుతాయి. మేం ఆరు దాటాక కూడా పెట్టలేదు. సన్నాయి, డోలు చాలు. ప్రార్థన వినపడాలని వెనకవాళ్ళు కుర్చీలు ముందుకి జరుపుకున్నారు, దాంతో ఇటు బంధువులు, అటు బంధువులు అనే వరసలు కలిసిపోయాయి. విస్తళ్ళలో ఇడ్లీ, పెసరట్టు, ఉప్మా పెట్టాం. మధ్యాహ్నం బిర్యానీ విందు వియ్యంకుల ఊళ్ళో. అప్పగింతల దగ్గర ఏడ్చింది మా మరిది ఒక్కడే.

విస్తళ్ళు, పూలు, అరటి బోదెలు అన్నీ కంపోస్టు గుంతలోకి వెళ్ళాయి. సంక్రాంతికల్లా తోట నిండా పూత వచ్చింది, గుత్తదారు ఎప్పటిలాగే వచ్చి బేరమాడాడు. ఆ ఫోటోలు చూసి ఇప్పుడు తోట కావాలని అడిగేవాళ్ళు మొదలయ్యారు. కార్తీకం వెళ్ళాక వచ్చి అడగమంటున్నాను. డబ్బు తీసుకోను, మేకులు, మైకులు, ట్యాంకరు లేకుండా చేసుకుంటే చాలు.