యాత్రలో బస: ఒక గదిలో ఎందరు?

యాత్రకు బయలుదేరు గృహస్థునకు మొదటి చింత రైలు టిక్కెట్టు, రెండవది బస. టిక్కెట్టు విషయమున మనము తలలు లెక్కపెట్టెదము. బస విషయమున మాత్రము “ఒక్క రాత్రికే గదా, సర్దుకొందము” అందుము. ఈ సర్దుకొనుటలో ఎవరెంత సర్దుకొనుచున్నారో, ఎవరి కష్టము మీద తక్కినవారికి డబ్బు మిగులుచున్నదో నేడు కొంచెము విచారింతము.

మాది చీపురుపల్లి. మా స్టేషనున రైలెక్కినచో ఒక వైపు పూరీ దారి, రెండవ వైపు సింహాచలము, అన్నవరము, తిరుపతి. కావున యాత్ర మాకు క్రొత్త గాదు. కొన్నియేండ్ల క్రిందట మనుమని పుట్టువెండ్రుకలు తీయించుటకు తిరుపతి పోయితిమి. ఎనుబదియేండ్లకు దగ్గరపడిన మా తల్లిగారు, మేము దంపతులము, ఇద్దరు కుమారులు, ఇద్దరు కోడండ్రు, నలుగురు పిల్లలు; వెరసి పదునొకండు మందిమి. ఒక లాడ్జిలో ఒక్క గది తీసికొంటిమి. గుమస్తాకు నలుగురమని చెప్పితిమి. మిగిలినవారు ఇద్దరిద్దరుగా మెట్లెక్కి వచ్చిరి. మా తెలివికి మేమే సంతోషించితిమి.

రాత్రి పడకలు సర్దితిమి. పెద్దదిక్కు గదా యని మా తల్లిగారిని మంచము మీద, గోడవైపున, ఎవరి కాలును తగలని చోట పరుండబెట్టితిమి. అదియే గౌరవమనుకొంటిమి. మంచము నుండి స్నానపుగది తలుపు వరకు నేలమీద చాపలు, చాపల మీద మనుషులు. ఆమె సాయంకాలము నుండి మంచినీరు ముట్టలేదు. ఇచ్చినచో “దాహము లేదు నాయనా” అనిరి. మరునాడు దర్శనపు వరుసలో నిలుచుండగా కన్నులు తిరిగి కూలబడిరి. అక్కడి వైద్యులు చూచి, ఒంట నీరు తగ్గినదని చెప్పి, ఉప్పు పంచదార కలిపిన నీరు కొంచెము కొంచెముగా త్రాగించిరి. దైవకృపచే తేరుకొనిరి.

ఇంటికి వచ్చిన పిమ్మట ఆమె నా భార్యతో చెప్పిన మాట యిది: “నీళ్ళు తాగితే లేవాలి. లేస్తే పిల్లలను దాటుకుంటూ పోవాలి. నిద్రపోయే పిల్లలను దాటవచ్చునటమ్మా?”

నాటి రాత్రి మేము మిగిల్చినది ఒక గది అద్దె. ఆ అద్దెను చెల్లించినది ఆమె దేహము. అప్పటి నుండి గదిని నేను వేరు విధముగా కొలుచుచున్నాను. ఆ కొలత మీకు విన్నవించుటయే నా ఉద్దేశము.

మొదట, మనము పొరబడుట కేమి కారణము? విజయనగరమున విజయదశమి వెళ్ళిన మంగళవారము పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవము జరుగును. ఆనాడు ఆ చుట్టుప్రక్కల చుట్టములు దిగని ఇల్లుండదు. రెండు గదుల ఇంట ఇరువది మంది నిద్రింతురు. ఎవరికిని ఏమియు గాదు. అది చూచిన కన్నులతో లాడ్జి గదిని చూచి, ఇందు పదిమంది పట్టరా యని అనుకొందుము. కాని మన యింట ఇరువది మంది పట్టినది గదుల వలన గాదు. అరుగు వలన, వాకిలి వలన, పెరటి వలన. మగవారు అరుగు మీద పరుందురు. ముసలివారు పెరటి తలుపు దగ్గర పరుందురు. ఎవరు లేచినను ఎవరిని దాటనక్కరలేదు. లాడ్జి గదికి అరుగు లేదు, పెరడు లేదు. నాలుగు గోడలు, ఒక తలుపు, ఒక కిటికీ, అంతే.

ఇక కొలత. సామాన్యమైన గది 12 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు ఉన్నదనుకొందము. నేల 120 చదరపుటడుగులు. జంట మంచము ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పున 36 అడుగులు ఆక్రమించును. మిగిలినది 84. బల్ల, కుర్చీ, తలుపు తెరచుకొను జాగా కలిపి 12 తీసివేసినచో 72. చాపలు పరచుటకు ముందే దారి తీసివేయవలెను. మంచము నుండి స్నానపుగదికిని, స్నానపుగది నుండి వెలుపలి తలుపునకును అడుగున్నర వెడల్పున బాట విడిచినచో 18 అడుగులు పోవును. మిగిలినది 54. పెద్దమనిషి పరుండుటకు ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అనగా 12 చదరపుటడుగులు కావలెను. లెక్కకు నలుగురు వత్తురు. మంచము మీద ఇద్దరు పెద్దలు, నడుమ ఒక పిల్ల. మొత్తము ఏడుగురు. సామాను మంచము క్రిందికి పోవలెను. ఇంతకు మించి ఎవరు వచ్చినను వారు పరుండునది దారి మీదనే.

మంచము మీదికి ఎవరు? మోకాళ్ళు పట్టినవారు, గర్భిణులు. నేల మీద నుండి లేచుట వారికి కష్టము. అందులోను ముసలివారికి గోడవైపు గాక దారివైపు ఇయ్యవలెను. గౌరవమైన చోటు లోపలి మూల గాదు. తలుపునకు దగ్గరి అంచు. వయస్సు మీరిన కొలది దాహము తెలియుట కూడ తగ్గునని వైద్యులు చెప్పుదురు. కావున వారు అడుగుదురని చూడక, చెంబుతో నీరు తలాపున పెట్టి, స్నానపుగదిలో చిన్న దీపము వెలుగనిచ్చి, “మామ్మా, దారి ఖాళీగా ఉన్నది, ఎప్పుడు కావలసిన అప్పుడు లెమ్ము” అని మనుమడు నోటితో చెప్పవలెను.

రెండవది గాలి. పై గది ఎత్తు 10 అడుగులైనచో లోపలి గాలి 1200 ఘనపుటడుగులు. మన దేశమున 1948లో చేసిన కర్మాగారముల చట్టము, క్రొత్తగా కట్టు కర్మాగారమున పనివాని కొక్కింటికి 500 ఘనపుటడుగులును, అప్పటికే యున్న వానిలో 350యు ఉండవలెనని విధించినది. ఆ లెక్కన మన గది ఇద్దరికో, ముగ్గురికో చాలును. పగలు పనిచేయువారి కొలత రాత్రి నిద్రించువారికి యథాతథముగా పట్టకపోవచ్చును. కిటికీ తెరచి యుండి గాలి వచ్చుచు పోవుచుండినచో మరికొందరు ఉండవచ్చును. కాని మూడునకు పదునొకటికి ఎంత దూరమో చూడుడు. పంకా తిరుగుచున్నది గదా యందురు. పంకా ఉన్న గాలినే త్రిప్పును, క్రొత్తగాలిని తేదు. ఏసీ యంత్రములును సాధారణముగా లోపలి గాలినే చల్లబరచి తిరిగి విడుచును. చల్లదనము వేరు, క్రొత్తగాలి వేరు. ఒకనికి దగ్గున్నచో మూసిన గదిలో అది అందరికి చుట్టుకొనును. కావున ఏసీ ఉన్నను కిటికీ కొంచెము తెరచియే యుంచవలెను.

ఇక్కడ ఒక హెచ్చరిక. పాలు కాచుటకో, చలి కాగుటకో మూసిన గదిలో బొగ్గుల కుంపటి ఎన్నడును పెట్టరాదు. బొగ్గు నుండి వెడలు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలో ఉన్నవారు నిద్రలోనే పోవుదురు. బాల్చీలో ముంచి నీరు కాచు కరెంటు హీటరును గదికి తేవద్దు. పదిమంది తిరుగు తడి నేల మీద పిల్లవాడొకడు ఆ నీటిలో చేయిపెట్టిన చాలును, ప్రమాదము తప్పదు.

మూడవది స్నానము. ఒక్కొక్కరికి పది నిమిషములనుకొన్నను పదునొకండు మందికి 110 నిమిషములు, దాదాపు రెండు గంటలు. తెల్లవారుజామున అయిదు గంటలకు బయలుదేరవలసినవారు మూడింటికే మొదలుపెట్టవలెను. కావున వరుస రాత్రియే నిర్ణయించుకొనవలెను. పిల్లలకును, పుష్టిగలవారికిని రాత్రి స్నానమే చేయించినచో సగము భారము తీరును. ఉదయమున ముసలివారికి మొదటి వంతు. వేడినీరు మొదట వచ్చిన ఇద్దరు ముగ్గురికే దక్కుట మనమెరుగుదుము.

నాలుగవది, అన్నిటికంటె ముఖ్యమైనది, నిజము చెప్పుట. నలుగురమని వ్రాయించి పదునొకండు మంది చేరుట లాడ్జివానిని మోసగించుట మాత్రమే గాదు. రాత్రి వేళ నిప్పంటుకొన్నచో, రక్షింపవచ్చినవారు పుస్తకము చూచి నలుగురిని వెలికి తెచ్చి, అందరు వచ్చిరనుకొందురు. పేరు వ్రాయించని మనిషి ఆ గదిలో లేని మనిషియే. గుమస్తా గుర్తింపు కార్డులు అడిగినప్పుడు విసుగుకొనక అందరివి చూపవలెను. గది తీసికొనుటకు ముందే అయిదు ప్రశ్నలు వేయవలెను: ఎందరిని ఉండనిత్తురు? అదనపు పరుపునకు ఎంత? పసిపిల్లలను లెక్కింతురా? అద్దె ఇరువది నాలుగు గంటలకా, లేక మధ్యాహ్నము నుండి మధ్యాహ్నమునకా? వేడినీరు ఏ వేళ వచ్చును? బేరము కూడ అప్పుడే. సామాను దించిన తరువాత బేరమునకు బలముండదు.

అయినచో ఏడుగురికి మించినవారు ఏమి కావలెను? ఇక్కడనే అరుగును వెదకుకొనవలెను. మన పూర్వులు యాత్రాస్థలములందు సత్రములు కట్టించినది ఇందుకే. ఆంగ్లేయులు సత్రమునకు వాడిన చౌల్ట్రీ అను మాట మన చావడి నుండి పుట్టినదని నిఘంటుకారులు చెప్పుదురు. చావడి యనగా నలుగురు చేరు చోటు. నేడును తిరుమల కొండ మీద యాత్రికుల వసతి సముదాయములలో ఉచితముగా పరుండుటకు పెద్ద హాళ్ళును, సామాను భద్రపరచు పెట్టెలును ఉన్నవి. క్రింద తిరుపతిలో రైలు స్టేషను ఎదుట విష్ణునివాసము, బస్సుస్టాండు దగ్గర శ్రీనివాసము దేవస్థానమువారివే. భోజనమునకు గదిలో తంటాలు పడనక్కరలేదు. కొండమీద నిత్యాన్నదానము 1985 నుండి నడచుచున్నది. ఆడవారిని, ముసలివారిని, పసివారిని గదిలో ఉంచి, పుష్టిగల మగవారు హాలులో పరుండవచ్చును. తిరుమలకు ఘాటురోడ్డు 1944లో ఏర్పడువరకు జనము కాలినడకనో, డోలీలోనో కొండ యెక్కిరి. ఒక్క రాత్రి హాలులో చాప మీద పరుండుట మన యువకులకు భారము గాదు.

హాలు దొరకనిచో రెండవ గది తీసికొనవలెను. అద్దె వేయి రూపాయలనుకొందము. పదునొకండు మందికి పంచినచో తలకు 91 రూపాయలు. ఊరినుండి తిరుపతికి పోయి వచ్చు ఖర్చులో ఇదెంత? బొమ్మల దుకాణము దగ్గర పిల్లల చేతులలో ఇంతకంటె ఎక్కువ కరగిపోవును. అది కూడ భరింపలేనివారు ప్రయాణపు దినము మార్చుకొనుట మేలు. శెలవులు, పండుగలు, పెండ్లి ముహూర్తములు లేని వారములందు అదే లాడ్జిలో బేరము సులభము.

విశాఖపట్టణపు పెద్దాసుపత్రికి రోగితో పోవువారికి దినము ఎన్నుకొను వీలుండదని నేనెరుగుదును. 1923 నుండి మన ప్రాంతమువారికి కింగ్ జార్జి ఆసుపత్రియే దిక్కు. రోగి వెంట పదిమంది పోయి ఒక గదిలో ఇరుకుకొనుట కంటె, ఇద్దరు పోయి, రెండు దినముల కొకసారి మారుట రోగికిని మంచిది, వెంట నున్నవారికిని మంచిది. ప్రేమ చూపుటకు అందరు ఒకేసారి ఉండనక్కరలేదు.

పెద్దలారా, గదిలో ఎందరు పట్టుదురని అడిగినచో లాడ్జివాడు తన లాభము చూచి చెప్పును. మనము మన పొదుపు చూచి చెప్పుకొందుము. రాత్రి రెండు గంటలకు లేచు ముసలితల్లి మాత్రము ఏమియు చెప్పదు. కావున ఆమె దారిని ముందు కొలిచి, తక్కినవారి పడకలు తరువాత కొలువుడు.

మరుసటి యేడు సత్యనారాయణస్వామి వ్రతమునకు అన్నవరము పోయితిమి. అప్పుడు రెండు గదులు తీసికొంటిమి. మా తల్లిగారు తలుపునకు దగ్గరి మంచము మీద పరుండిరి. రాత్రి రెండుమారులు లేచిరి. రెండుమారులును మంచినీరు త్రాగిరి. ఎవరిని దాటలేదు.