గుండెల్లో మంట గుండెది కాదు

అరకు లోయలో తెలుగు పాఠం చెప్పుకునేవాడికి వైద్యంతో పనేమిటని మీరడగవచ్చు. నా పని మాటతోనే లెండి. "గుండెల్లో మంట" అంటాం గదా, చాలా సందర్భాల్లో అది గుండెది కానే కాదు. అన్నవాహిక రొమ్ము ఎముక వెనకనుంచి పొట్టలోకి దిగుతుంది. పొట్టలోని ఆమ్లం పైకి ఎగదన్ని దాని లోపొర ఒరిసిపోతే పుట్టే మంట అది.

ఆపరేషను అయిన వాళ్ళకి ఈ బాధ రావడానికి దారులెక్కువ. వెల్లకిలా పడుకునే ఉండాలి. ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేస్తే, అన్నవాహిక అడుగున ఉన్న కండరం పూర్తిగా మూసుకోదు. ఆమ్లానికి తలుపు తెరిచినట్టే. కొన్ని మాత్రలు నీళ్ళు చాలక మధ్యలో అతుక్కుని అక్కడే పుండు చేస్తాయి. నొప్పి మందుల మత్తులో రోగికి మంట తెలియకపోవచ్చు. తెలిసినా కుట్లనొప్పి కాబోలనుకుంటాడు. కొందరికి కాఫీపొడి రంగు వాంతి అయ్యేదాకా సంగతి బయటపడదు.

నిరుడు మా విద్యార్థిని నాయనమ్మకి విశాఖపట్నంలో పేగు ఆపరేషను జరిగింది. లోయనుంచి నూరు కిలోమీటర్ల పైమాటే. ముసలమ్మకి తెలుగు అంతంతమాత్రం. ఎక్కడ నొప్పి అంటే అరచెయ్యి రొమ్ముమీద పెట్టేది. ముందు గుండె పరీక్ష చేశారు. అదే సబబు, గుండెపోటు కాదని తేల్చుకోకుండా మరో మాట ఎత్తకూడదు. గుండె బాగానే ఉంది. మరి మంటెక్కడిది? "ఎప్పుడూ కాదట మాస్టారూ, మింగినప్పుడే నట" అంది మనవరాలు నాతో. ఆ మాటే డాక్టరుతో చెప్పమన్నాను. మర్నాడు ఎండోస్కోపీ చేశారు.

ఈ పరికరానికి మూలపురుషుల్లో ఒకడు కత్తులు మింగే గారడీవాడు సుమండీ! 1868లో జర్మనీలో కుస్‌మౌల్ అనే వైద్యుడు అటువంటి వాడిచేత తిన్నని గొట్టం మింగించి పొట్టలోకి తొంగిచూశాడు. వెలుతురు చాలలేదు. 1957లో అమెరికాలో హిర్షోవిట్జ్ సన్నని గాజు నూలుపోగులతో వంగే గొట్టం తయారుచేసి, మొదట తానే మింగాడు. ఇప్పుడు దాని కొసన కెమెరా.

లోపలి ఒరుపుకి నాలుగు తరగతులున్నాయి. ఐదు మిల్లీమీటర్లు దాటకపోతే 'ఎ'; గొట్టం చుట్టుకొలతలో ముప్పాతిక వంతు పాడైతే 'డి'. కంటికేమీ కనబడకపోయినా ఆమ్లం ఎగదన్నడం లేదని చెప్పలేం.

ముసలమ్మకి 'బి' అని రాశారు. ముక్కుగొట్టం అంతకు ముందే తీసేశారు. మంచం తలవైపు ఎత్తుచేసి, ఆమ్లం తగ్గించే మందిచ్చారు. ఐదోనాడు ఆవిడ చోడి అంబలి అడిగిందట.