ఎఫెసు కరణము ఇచ్చిన సాక్ష్యము: వాక్స్వాతంత్ర్యము, మతావమానము, సంఘ బాధ్యత

ఉపోద్ఘాతము

పలాస, టెక్కలి ప్రాంతాలలో సేవ చేసే కాపరులకు ఈ మధ్య తరచుగా ఎదురయ్యే సన్నివేశము ఒకటి ఉంది. ఆదివార ఆరాధన ముగియగానే ఒక యౌవనస్థుడు సెల్‌ఫోను చేతపట్టుకొని వస్తాడు. యేసు ప్రభువును, మరియమ్మను ఎవరో హేళన చేసిన వీడియో అందులో ఉంటుంది. "అయ్యగారూ, మనము ఊరుకోవాలా?" అని అడుగుతాడు. అతని బాధ నిజమైనది. దానికి మనమిచ్చే జవాబు మీద ఆ యౌవనస్థుని ప్రవర్తన మాత్రమే కాదు, ఆ ఊరి శాంతి కూడ ఆధారపడి ఉంటుంది.

ప్రజాస్వామ్యములో మాట్లాడే స్వేచ్ఛకు హద్దు ఎక్కడ? మత మనోభావాలు గాయపడినప్పుడు రాజ్యము ఏమి చేయాలి, సంఘము ఏమి చేయాలి? ఈ ప్రశ్నలను మన రాష్ట్ర చరిత్రలోని సంఘటనల వెలుగులోను, అపొస్తలుల కార్యములు 19వ అధ్యాయము వెలుగులోను పరిశీలించడమే ఈ వ్యాస ఉద్దేశము.

1. మనమే నిషేధము కోరిన సందర్భము

ఇతరుల కోపమును గూర్చి మాట్లాడక ముందు మన కోపమును గూర్చి మాట్లాడుకొందాము. డాన్ బ్రౌన్ 2003లో ప్రచురించిన నవల ఆధారముగా తీసిన "ది డావిన్చీ కోడ్" సినిమా 2006 మే నెలలో మన దేశములో విడుదలైంది. యేసు మగ్దలేనే మరియను వివాహమాడాడని, ఆయనకు సంతానము కలిగిందని చెప్పే కల్పిత కథ అది. కేంద్ర సెన్సారు బోర్డు పెద్దలకు మాత్రమే అన్న సర్టిఫికెట్టు ఇచ్చి, ఇది కల్పన అన్న ప్రకటనను తెరమీద చూపించాలని షరతు పెట్టింది. అయినా క్రైస్తవ సంస్థలు, కొన్ని ముస్లిము సంస్థలు కూడ అభ్యంతరము తెలిపాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 1955 నాటి సినిమాల నియంత్రణ చట్టము క్రింద ప్రదర్శనను నిలిపివేసింది. మరికొన్ని రాష్ట్రాలు కూడ అదే పని చేశాయి.

అదే సంవత్సరము జూన్ నెలలో మన హైకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. తీర్పు చెప్పినవారు జస్టిస్ గోడా రఘురామ్. సెన్సారు బోర్డు అనుమతించిన సినిమాను కేవలము కొందరి విజ్ఞాపనల మీద, శాంతిభద్రతలకు భంగము కలుగుతుందనడానికి సరైన ఆధారము లేకుండ నిలిపివేయడము రాజ్యాంగము 19(1)(ఎ) అధికరణము ఇచ్చిన హక్కుకు విరుద్ధమని ఆ తీర్పు సారాంశము.

ఆ విజ్ఞాపనలలో ఒకదాని మీద నా సంతకము కూడ ఉంది. కాశీబుగ్గలో కొందరు కాపరులము కూడుకొని సంతకాలు చేశాము. మాలో ఒక్కరు కూడ ఆ నవల చదవలేదు, ఆ సినిమా చూడలేదు. తరువాత రెండేళ్లకు ఉద్దానములోని ఒక గ్రామములో సువార్త సభ పెట్టుకొన్నాము. బయటినుండి పిలిపించుకొన్న ప్రసంగీకుడు ఆ ఊరి అమ్మవారిని గూర్చి మైకులో చేయరాని వెటకారము చేశాడు. రాత్రి కొందరు కుర్రవాళ్లు మా ట్యూబులైట్లు పగులగొట్టారు. మరునాడు ఇరుపక్షాలను స్టేషనుకు పిలిచారు. అక్కడ ఆ ఊరి పెద్ద ఒకరు నా వైపు తిరిగి ఇలా అన్నాడు: "మీ దేవుణ్ని సినిమావోలు ఒక మాటంటే ఆపించీమని కాయితం పెట్టినారు కదేటి పాస్టరుగారూ. మరి మా అమ్మోరిని మీవోలు మైకులో అంతేసి మాటలంటే మేమేటి సెయ్యాల?"

నా దగ్గర జవాబు లేదు. సభా నిర్వాహకునిగా క్షమాపణ చెప్పాను. ఆయన తమ వాళ్ల చేత కూడ చెప్పించాడు. వ్యవహారము అక్కడితో ముగిసింది గాని, ఆ ప్రశ్న మాత్రము నాలో ముగియలేదు. మన మనోభావాల కొరకు మనము అడిగే చట్టము, పొరుగువాని మనోభావాల కొరకు మన మీద కూడ నిలబడుతుంది.

2. చట్టము పుట్టిన విధము

మతావమానమునకు సంబంధించిన మన ముఖ్యమైన చట్టము 1927లో పుట్టింది. 1924లో లాహోరులో రాజ్‌పాల్ అనే ప్రచురణకర్త ఇస్లాము ప్రవక్తను కించపరచే "రంగీలా రసూల్" అనే చిన్న పుస్తకమును ప్రచురించాడు. ఆనాటి శిక్షాస్మృతిలోని 153ఎ సెక్షను వర్గాల మధ్య శత్రుత్వము రేపడాన్ని శిక్షించేది. కాలము చేసిన ఒక మత నాయకుని మీద చేసిన దాడి ఆ సెక్షను క్రిందికి రాదని 1927లో లాహోరు హైకోర్టు రాజ్‌పాల్‌ను విడుదల చేసింది. ఆ తీర్పు చెప్పిన జస్టిస్ దలీప్ సింగ్ క్రైస్తవ కుటుంబమునకు చెందినవాడు; రాజకుమారి అమృత్ కౌర్ సహోదరుడు. పుస్తకము నీచమైనదని ఆయన ఎరుగును. అయినా చట్టములో లేని నేరమును తాను సృష్టించలేదు.

ఆందోళన చెలరేగగా ప్రభుత్వము అదే సంవత్సరము 295ఎ సెక్షనును చేర్చింది. ఒక వర్గము మత విశ్వాసాలను బుద్ధిపూర్వకముగా, ద్వేషభావముతో అవమానించడము దీని ప్రకారము నేరము. ఈ రెండు షరతులు ముఖ్యమైనవి. తెలియక జారిన మాట, నిజాయితీగా చేసిన విమర్శ దీని క్రిందికి రావు. చట్టము వచ్చినంత మాత్రాన హింస ఆగలేదు. 1929లో రాజ్‌పాల్ హత్యకు గురయ్యాడు.

స్వాతంత్ర్యము తరువాత 1957లో రామ్‌జీ లాల్ మోదీ కేసులో సుప్రీంకోర్టు ఈ సెక్షను చెల్లుతుందని చెబుతూనే, అది ద్వేషపూరితమైన తీవ్ర అవమానమునకే వర్తిస్తుందని స్పష్టము చేసింది. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహితలో ఇది 299వ సెక్షనుగా, పాత 153ఎ 196వ సెక్షనుగా కొనసాగుతున్నాయి. 299 క్రింద మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

1989లో రంగరాజన్ కేసులో సుప్రీంకోర్టు మరొక మేలైన సూత్రము చెప్పింది. ప్రదర్శనలు చేస్తాము, హింస జరుగుతుంది అన్న బెదిరింపులకు లొంగి రాజ్యము భావప్రకటనను అణచరాదు. మాటకు, ప్రమాదమునకు మధ్య దగ్గరి సంబంధము ఉండాలి. లేనియెడల ఎవరు ఎక్కువ రాళ్లు పట్టుకొంటే వారి మనోభావాలకే ఎక్కువ విలువ దొరుకుతుంది.

3. మూడు విధములైన మాటలు

ఈ తీర్పుల సారమును కాపరులు గుర్తుంచుకొనుటకు మాటలను మూడు విధాలుగా విభజించవచ్చు.

మొదటిది విమర్శ. ఒక సిద్ధాంతము తప్పు అని కారణాలతో చెప్పడము. ఇది వినేవారికి నొప్పి కలిగించినా దీనికి రక్షణ ఉండాలి. 25వ అధికరణము మతమును ప్రచారము చేసే హక్కు ఇచ్చింది. ప్రచారములో "ఇది సత్యము" అన్న మాట ఉంటుంది. అందులోనే "అది కాదు" అన్న మాట కూడ దాగి ఉంటుంది. విమర్శను నిషేధిస్తే మొదట మూగబోయేది మన ప్రసంగ వేదికే.

రెండవది అవహేళన. కారణము చెప్పక కేవలము గాయపరచడానికి అనే మాట. ఇందులో చాలా భాగము సభ్యతకు విరుద్ధమేగాని నేరము కాదు. ద్వేషబుద్ధి రుజువైనప్పుడే చట్టము ప్రవేశిస్తుంది.

మూడవది హింసకు ప్రేరేపణ. "వారిని కొట్టండి, తగులబెట్టండి, ఊరినుండి వెళ్లగొట్టండి" అనేది. దీనికి ఏ ప్రజాస్వామ్యములోను రక్షణ లేదు. మనోభావము గాయపడటము వేరు, మనిషి గాయపడటము వేరు. ఈ రెంటిని ఒకటిగా చూచినప్పుడే అనర్థము మొదలవుతుంది.

4. రాళ్లు మాట్లాడినప్పుడు

2007 ఆగస్టు 9న హైదరాబాదు ప్రెస్ క్లబ్బులో రచయిత్రి తస్లీమా నస్రీన్ తన రచన తెలుగు అనువాదము ఆవిష్కరణకు వచ్చినప్పుడు ఆమె మీద దాడి జరిగింది. దాడి చేసినవారిలో శాసనసభ్యులు కూడ ఉన్నారు. చట్టము చేయవలసినవారే చట్టమును చేతిలోనికి తీసుకొన్నారు.

మన జిల్లాను ఆనుకొనియున్న గజపతి జిల్లా దాటితే కంధమాల్. 2008 ఆగస్టు 23న స్వామి లక్ష్మణానంద సరస్వతి హత్య జరిగింది. అది తామే చేశామని మావోయిస్టులు ప్రకటించినా, కోపము క్రైస్తవ గ్రామాల మీదికి మళ్లింది. పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాయి. వేలాదిమంది ఇళ్లు విడిచి అడవులకు, శిబిరాలకు పారిపోయారు. గాయపడిన మనోభావము నిందితుని వెదకదు. దగ్గరలో ఉన్న బలహీనుని వెదకుతుంది.

అదే 1927 నాటి మూలమునుండి పాకిస్తానులో మరింత కఠినమైన దైవదూషణ చట్టాలు పెరిగాయి. వాటిని ప్రశ్నించినందుకు 2011లో పంజాబు గవర్నరు సల్మాన్ తసీర్, క్రైస్తవ మంత్రి షాబాజ్ భట్టి హత్యకు గురయ్యారు. అలాంటి ఆరోపణ మీద మరణశిక్ష పడిన ఆసియా బీబీ అనే క్రైస్తవ స్త్రీ 2018లో గాని నిర్దోషిగా విడుదల కాలేదు. కఠినమైన దూషణ చట్టము అల్పసంఖ్యాకులను కాపాడుతుందని తలంచేవారు ఈ చరిత్రను చదవాలి.

లేఖనము కూడ ఈ హెచ్చరిక చేస్తుంది. నాబోతు మీద మోపిన నేరము దేవుని, రాజును దూషించాడన్నదే. అసలు కావలసింది అతని ద్రాక్షతోట (1 రాజులు 21). స్తెఫను మీద అదే నేరము (అపొ.కా. 6:11). చివరకు మన ప్రభువు మీద కూడ అదే నేరము (మత్తయి 26:65). దైవదూషణ ఆరోపణతో సిలువ వేయబడిన వానిని ఆరాధించే మనము, ఆ ఆరోపణను ఆయుధముగా పట్టుకొనే ముందు వణకాలి.

5. ఎఫెసు నాటకశాల

అపొ.కా. 19:23-41 లోని అల్లరిని పరిశీలించండి. దేమేత్రియు అనే కంసాలి వెండి గుళ్లు చేయించేవాడు. అతడు మొదట తోటి పనివారితో మాట్లాడింది ఆదాయము గూర్చి. ఆ తరువాతనే దేవి మహిమను గూర్చి. గుంపు నాటకశాలలోనికి దూసుకెళ్లింది. ఎందుకు కూడుకొన్నారో చాలామందికి తెలియదని లూకా వ్రాశాడు. రెండు గంటలు ఒకే నినాదము. కారణము తెలియని గుంపు, దాని వెనుక కారణము బాగా తెలిసిన కొద్దిమంది: ఈ చిత్రము మనకు క్రొత్తది కాదు.

అప్పుడు కరణము లేచాడు. ఆయన విశ్వాసి కాడు. అర్తెమిదేవిని ఘనపరచేవాడే. ఆయన మూడు మాటలు చెప్పాడు. ఈ మనుష్యులు గుడి దోచలేదు, మన దేవతను దూషించలేదు (37వ వచనము). ఫిర్యాదు ఉంటే న్యాయసభలు, అధికారులు ఉన్నారు (38). ఈ అల్లరికి మనమే జవాబు చెప్పుకోవలసి వస్తుంది (40). ప్రజాస్వామ్య రాజ్యము చేయవలసిన పని ఇంతే. ఏ దేవుడు సత్యమో అది తేల్చనక్కరలేదు. గుంపును చెదరగొట్టి న్యాయసభ తలుపు తెరచి ఉంచాలి.

మొదటి మాట మన కొరకు. పౌలు ఎఫెసులో రెండేళ్లకు పైగా బోధించాడు. చేతులతో చేయబడినవి దేవతలు కావని స్పష్టముగా చెప్పినట్లు అతని శత్రువే సాక్ష్యమిచ్చాడు (26). అయినా అతని సహచరులు దేవతను దూషించలేదని ఆ దేవతనే పూజించే అధికారి నిలబడి చెప్పగలిగాడు. సత్యమును తగ్గించలేదు, వెటకారమును చేర్చలేదు. మన ఊరి సర్పంచి, మన ఎస్.ఐ. మనలను గూర్చి ఈ సాక్ష్యము ఇవ్వగలరా?

"ఏలీయా కర్మెలు మీద బయలు ప్రవక్తలను అపహసించలేదా?" అని కొందరు బోధకులు అడుగుతారు (1 రాజులు 18:27). ఏలీయా మాట్లాడింది నిబంధన ప్రజల మధ్య, రెండు తలంపుల మధ్య తడబడుతున్న తన స్వజనులతో. అన్యజనుల పట్టణాలలో అపొస్తలులు ఆ పద్ధతిని అనుసరించలేదు. ఏథెన్సులో పౌలు ఆత్మలో పరితపించినా వారితో మర్యాదగానే మాట్లాడాడు (అపొ.కా. 17).

ఈ హెచ్చరిక ఊరికే కాదు. 2020 డిసెంబరులో మన పొరుగున విజయనగరము జిల్లా రామతీర్థములో శ్రీరాముని విగ్రహమును ధ్వంసము చేసిన సంఘటనతో ప్రజలు తీవ్రముగా బాధపడ్డారు. ఆ రోజులలోనే, తాను విగ్రహాలను తన్నినట్లు చెప్పుకొన్న ఒక బోధకుని పాత వీడియో బయటికి వచ్చి, 2021 జనవరిలో ఆయన అరెస్టయ్యాడు. ఆ మాటల భారము, వాటితో సంబంధము లేని పల్లె కాపరులు కూడ మోయవలసి వచ్చింది.

6. కాపరులకు కొన్ని సూచనలు

మొదట, చూడనిదానిని, చదవనిదానిని గూర్చి సంతకము చేయవద్దు. నా తప్పు మీరు చేయవద్దు.

రెండవది, అవమానకరమైన వీడియోను ఇతరులకు పంపవద్దు. పంపిన ప్రతివాడు దాని ప్రచారకుడే. అబద్ధమునకు జవాబు బోధ. డావిన్చీ కోడ్ వచ్చినప్పుడు సువార్తల చరిత్రాత్మకతను గూర్చి నాలుగు పాఠాలు చెప్పియుంటే మన విశ్వాసులు బలపడి ఉండేవారు.

మూడవది, ప్రాణభయము, దాడికి ప్రేరేపణ ఉంటే ఆలస్యము చేయక ఫిర్యాదు చేయండి. అన్న మాటలు, తేదీ, స్థలము ఉన్నవి ఉన్నట్లు వ్రాసి ఇద్దరు ముగ్గురు పెద్దలతో స్టేషనుకు వెళ్లండి. గుంపుగా వెళ్లవద్దు.

నాలుగవది, మైకు విషయములో జాగ్రత్త. అనుమతి తీసుకోండి, రాత్రి పది నుండి ఉదయము ఆరు వరకు బహిరంగ స్థలములో వాడరాదన్న నియమము పాటించండి. 2007 నాటి రాష్ట్ర చట్టము ప్రకారము ప్రభుత్వము గుర్తించిన దేవాలయ ప్రాంతాలలో అన్యమత ప్రచారము నిషిద్ధమని గుర్తుంచుకోండి. పిలిచే ప్రసంగీకుని గొంతును మాత్రమే కాదు, నాలుకను కూడ విచారించండి.

ఐదవది, ఇతరుల గుడి మీద గాని మసీదు మీద గాని దాడి జరిగితే మొదట వెళ్లి పరామర్శించండి.

ముగింపు

ఆ యౌవనస్థునికి ఏమి చెబుదాము? అతని బాధను తేలికగా తీసివేయవద్దు. ప్రభువును ప్రేమించేవానికి నొప్పి కలుగుతుంది. అయితే మల్కు చెవి నరికిన పేతురు కత్తిని ఒరలో పెట్టించినవాడు ఆ ప్రభువే (యోహాను 18:10, 11). తనను తాను కాపాడుకొనలేని దేవుడు మనకు లేడు. కాపాడవలసింది ఊరిలోని మనుష్యులను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను ఉద్దానము కొబ్బరి, జీడి తోటలను కూల్చినప్పుడు, నేను పైన చెప్పిన గ్రామములో మా ప్రార్థన మందిరము మీద పడిన చెట్లను కోసి తీసింది ఆ ఊరి పెద్ద మనుష్యులే. పదేళ్ల క్రితము ఆ స్టేషనులో మేము ఒకరి మీద ఒకరము కేసులు పెట్టుకొని ఉంటే వారు వచ్చేవారో లేదో నాకు తెలియదు.