అమ్మకి ఆరు నెలలు, వెల్లుల్లికి ఎనిమిది

2011 అక్టోబరులో అమ్మ మొదటిసారి శాన్ హోసే వచ్చింది. విమానాశ్రయంలో ఆర్నెల్లకి ముద్ర కొట్టి పంపారు. వచ్చిన నాలుగో రోజున పెరట్లోకి వెళ్ళి, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఇంత నేల ఖాళీగా పెట్టుకుని కొత్తిమీర కట్ట కొనుక్కొస్తావేంట్రా!" అంది. చలికాలం ముంగిట ఏం వేస్తామమ్మా అన్నాను. మా పక్కింటి ఇటలీ పెద్దాయన కంచె మీంచి విని, ఈ నెలలో వేయాల్సింది వెల్లుల్లేనని చెప్పాడు.

గుంటూరు జిల్లా రైతు కూతురైనా అమ్మ అంతవరకూ వెల్లుల్లి నాటలేదు. మన వైపు ఆ పంట పెద్దగా లేదు కదా. మన బజార్లోకి వచ్చేది ఎక్కువగా మధ్యప్రదేశ్, రాజస్థాన్ల నుంచే. అక్కడ అది నాలుగైదు నెలల పంట. ఆ లెక్కన వెళ్ళేలోపు కోత చూసేస్తాననుకుంది అమ్మ. ఇక్కడ దానికి ఎనిమిది నెలలు పడుతుందని మాకిద్దరికీ తెలియదు.

వెల్లుల్లిలో ఇక్కడ రెండు రకాలున్నాయి. హార్డ్‌నెక్ రకానికి మొక్క నడుమ నుంచి ఒక గట్టి కాడ లేస్తుంది. షికాగో, న్యూజెర్సీ లాంటి మంచు ప్రాంతాల వాళ్ళకి అది నప్పుతుంది. సాఫ్ట్‌నెక్‌కి మామూలుగా ఆ కాడ రాదు. అందుకే ఎండాక కూడా మెడ మెత్తగా ఉండి జడ అల్లడానికి లొంగుతుంది. చలి తక్కువున్న కాలిఫోర్నియాకి ఇదే సరైనది, నిలవ కూడా ఎక్కువ కాలం ఉంటుంది. మాకు దక్షిణాన గిల్‌రాయ్ ఉంది. అక్కడ 1979లో వెల్లుల్లి పండుగ మొదలైంది. కారు అద్దాలు దించితే చాలు, ఊరు వచ్చిందని ముక్కే చెబుతుంది. మేం వేసింది కాలిఫోర్నియా ఎర్లీ అనే సాఫ్ట్‌నెక్.

కిరాణా కొట్టు పాయల్ని నాటకపోవడం మంచిది. మొలకెత్తకుండా మందు కొట్టి ఉండొచ్చు, తెగులు మోసుకురావచ్చు. వెల్లుల్లికి తెల్లకుళ్ళు అనే బూజు తెగులు ఒకటుంది. అది ఒకసారి మడిలో చేరితే ఇరవై ఏళ్ళకి పైగా మట్టిలోనే కాచుక్కూర్చుంటుంది. నర్సరీలో విత్తనపు పాయలు కొనండి. ఊరి నుంచి సూట్‌కేసులో నాటే పాయలు తెచ్చుకునే ఆలోచన అసలే వద్దు.

ఆ ఏడు మేం నాటింది నవంబరు మొదటివారంలో, అంటే కార్తీకమాసంలో. ఆ నెలంతా అమ్మ ఉల్లీ వెల్లుల్లీ ముట్టదు. మా ఆవిడ నవ్వి, "అత్తయ్యగారూ, మరిదేంటి?" అంటే, "తినకూడదన్నారు గానీ నాటకూడదని ఎవరన్నారమ్మా?" అంది.

నాటే ముందు పాయ విడదీసి నేను పెద్ద రెబ్బలు వంటింటివైపూ, చిన్నవి మట్టివైపూ పెట్టాను. అమ్మ చెయ్యి విదిలించి రెండు కుప్పల్నీ తారుమారు చేసింది. విత్తనానికెప్పుడూ మేలైనదే ఉంచాలన్నది వాళ్ళ నాన్న నేర్పిన పద్ధతి. అదే నిజం. చిన్న రెబ్బ చిన్న పాయనే ఇస్తుంది. పొట్టు తీయకూడదు. వేళ్ళు వచ్చే చదునైన వైపు కిందికి, మొన పైకి ఉండేలా 2 అంగుళాల లోతున, 6 అంగుళాల ఎడంతో 40 రెబ్బలు నాటాం. మా నేల బంకమన్ను. నీళ్ళు నిలిస్తే రెబ్బ కుళ్ళుతుంది కాబట్టి చెక్కలతో ఎత్తుగా మడి కట్టి, కంపోస్టు కలిపాం. పైన ఎండుగడ్డి పరిచాం.

వెల్లుల్లికి చలి కావాలి. కొన్ని వారాల చలి తగిలితేనే, వసంతంలో పగళ్ళు పొడుగవుతున్నప్పుడు పాయ రెబ్బలుగా విడుతుంది. ఒక ఏడాది బద్ధకించి జనవరి చివర నాటితే, చాలా మొక్కలకి ఒకే రెబ్బ ఉన్న గుండ్రటి గోళీలు వచ్చాయి. శీతాకాలమంతా చేయాల్సిన పని కలుపు తీయడం. దీని ఆకులు సన్నం, నీడనివ్వవు, అందుకని కలుపు దీన్ని ఇట్టే మింగేస్తుంది. ఫిబ్రవరి, మార్చిల్లో నత్రజని ఎరువు వేయాలి. మే వచ్చాక వేస్తే ఆకే పెరుగుతుంది, పాయ కాదు.

ఏప్రిల్ మధ్యలో అమ్మ తిరుగు ప్రయాణం నాటికి మొక్కలు మోకాలెత్తున ఉన్నాయి. వెళ్ళేరోజు పొద్దున ఒకటి పీకి చూసింది. కింద ఉల్లికాడంత లావు తెల్లటి తొడిమ తప్ప ఏమీ లేదు. "మీ వీసా వాళ్ళకి సేద్యం తెలీదురా" అంది.

తర్వాతి కథ నా తెలివితక్కువతనం. ఉల్లిపాయలా ఆకు మొత్తం వాలి ఎండాక తవ్వొచ్చనుకుని జూలై మధ్యదాకా ఆగాను, నీళ్ళూ మానలేదు. తవ్వితే పాయలన్నీ పువ్వుల్లా విచ్చుకుని ఉన్నాయి, పైపొర లేదు. సెప్టెంబరుకల్లా చాలావాటికి బూజు పట్టింది. ఫోన్లో అమ్మకి చెప్పడానికి వారం పట్టింది.

అసలు కీలకం అక్కడే ఉంది. పైన కనిపించే ప్రతి ఆకూ మట్టిలో పాయ చుట్టూ ఒక పొరగా దిగుతుంది. ఆకు ఎండిందంటే కింద ఒక పొర శిథిలమవుతోందన్నమాట. అన్నీ ఎండేదాకా ఆగితే పాయకి ఒంటి మీద బట్ట మిగలదు. మరీ ముందు తవ్వితే రెబ్బ ఊరదు. అందుకని అడుగు ఆకులు మూడు నాలుగు ఎండి, పైన ఐదారు పచ్చగా ఉన్నప్పుడు తవ్వాలి. మా దగ్గర అది జూన్ నెల. దానికి రెండు వారాల ముందు నీళ్ళు ఆపాలి. అనుమానముంటే ఒకటి తవ్వి చూడండి. మెడ పట్టుకు లాగొద్దు, తెగుతుంది. పక్కనుంచి ఫోర్కుతో మట్టి వదులు చేసి ఎత్తండి. కడగొద్దు, ఎండలో పెట్టొద్దు. గాలాడే నీడలో మూడు నాలుగు వారాలు ఆరాలి. ఆ తర్వాత కూడా ఫ్రిజ్‌లో పెడితే చలికాలం వచ్చిందనుకుని మొలకెత్తుతుంది.

2014లో తెలివి తెచ్చుకుని అమ్మని మే మధ్యలో రప్పించాం. కోత ఆవిడ చేతుల మీదుగానే అయింది. పది రోజులు ఆరి ఆకులు వాడాక గరాజ్‌లో పీట వేసుకుని జడ అల్లింది. మూడు పాయలతో మొదలుపెట్టి, ఒక్కో మలుపుకీ ఒక్కో పాయ కలుపుతూ, చివర పురికొసతో బిగించింది. మా అక్కకి రోజూ జడ వేసిన చేతులు కదా, చూడకుండానే అల్లేసింది. పక్కింటాయన వచ్చి ఫొటో తీసుకున్నాడు. నవంబరులో వెళ్ళేముందు మళ్ళీ నాటి వెళ్ళింది.

వెల్లుల్లికి విత్తనం దాదాపు రాదు. రెబ్బే విత్తనం, కాబట్టి ప్రతి ఏటి మొక్కా కిందటేటి మొక్కే. 2012లో పాడవకుండా మిగిలిన ఆరు పాయల రెబ్బలే తర్వాతి ఏడు నాటాను. ఇప్పటికీ కోతలో అయిదారు మంచి పాయలు తీసి పక్కన పెడితే 40 రెబ్బలకి సరిపోతుంది. మా మడిలో ఉన్నది అమ్మ 2011లో నాటినదే.

అమ్మకి ఇప్పుడు ఎనభై రెండు. మోకాళ్ళ వల్ల విమానమెక్కలేదు. జూన్ వచ్చిందంటే నేను వాట్సాప్‌లో మడి చూపిస్తాను. కళ్ళజోడు సవరించుకుని, ఫోను దగ్గరికి పెట్టుకుని, "కదపకు, లెక్కపెట్టనీ" అంటుంది.

మొన్న జూన్‌లో ఏడు పచ్చగా ఉన్నాయంది. నేను ఆరన్నాను.

"ఆ చివరిది ఇంకా పచ్చగానే ఉందిరా. నాలుగు రోజులాగు. నీళ్ళు ఆపావా?"

ఆపాననే చెప్పాను. ఆ సాయంత్రం వెళ్ళి డ్రిప్పు కట్టేశాను.