విడిచిపోయిన ప్రేక్షకులు

ప్రసార సంస్థను విడిచిపోవు జనులు చెప్పి పోరు. కోపముతో ఉత్తరము వ్రాసినవారు ఇంకను దానిపై ఆశ పెట్టుకొన్నవారే. మాటాడక మీట త్రిప్పినవారిని మరలించుకొనుట యెట్లు? చాల కాలముగా దూరదర్శన్ ఎదుర్కొనుచున్న ఈ ప్రశ్నను విచారించుటకు ముందు, మన రేడియో చరిత్రలోని యొక ఘట్టమును జ్ఞాపకము చేసికొందము.

1952లో డాక్టర్ బి. వి. కేస్కర్ సమాచార ప్రసార శాఖా మంత్రి యైన పిమ్మట ఆకాశవాణిలో సినిమా పాటలు దాదాపు వినరాకుండ పోయినవి. శాస్త్రీయ సంగీతముపై వారికి గల అభిమానము గొప్పది. దానివలన ఆ సంగీతమునకు మేలు కలిగిన మాటయు నిజమే. కాని పాట కావలసిన శ్రోత రేడియోను కట్టివేయలేదు, ముల్లును మాత్రము జరిపినాడు. సింహళమునుండి రేడియో సిలోన్ హిందీ పాటలు ఇంటింట మ్రోగినవి. బుధవారము రాత్రి అమీన్ సయానీ నిర్వహించు బినాకా గీత్‌మాలా కొరకు జనులు కాచుకొని కూర్చుండిరి. 1957 అక్టోబరు 3వ తేదీన ఆకాశవాణి వివిధభారతిని ప్రారంభించినది. అది పాటలను తిరిగి తెచ్చుటతో సరిపెట్టలేదు. హవామహల్ నాటికలు, సైనిక సోదరులకై జయమాల మొదలగువానికి వేళలు నిర్ణయించి, ఏండ్ల తరబడి ఆ వేళలను నిలుపుకొన్నది. శ్రోతలు మరలి వచ్చుటకు ఈ రెండవ గుణము కూడ కారణమని మేము తలంచుచున్నాము.

దూరదర్శన్ కథ వేరు విధముగా నడచినది. 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో పుట్టి, బహుకాలము పోటీ యెరుగక పెరిగినది. 1987 జనవరి 25న రామానంద్ సాగర్ రామాయణము ప్రారంభమైన తరువాత ఆదివారము ఉదయము వీధులు నిర్మానుష్యములగుచుండెను. చూచుటకు వేరొకటి లేని రోజులవి యని మరువరాదు. 1995లో ఈటీవీ, జెమినీ వచ్చి తెలుగువారికి దినమంతయు తమ భాషలోనే వినోదము నందించినవి. 1977లో నెలకొన్న హైదరాబాదు కేంద్రమునకో, తెలుగునకు లభించినవి కొన్ని గంటలే; రాత్రి ముఖ్యమైన వేళను జాతీయ కార్యక్రమమునకు విడువవలసి వచ్చెడిది. మంచి కార్యక్రమములు లేక ప్రేక్షకులు పోయిరనుట కంటె, తమ భాష నడుమ ఆగిపోవుటచే పోయిరనుట సమంజసము. ఆ కేంద్రమే 1990వ దశకమున ప్రసారము చేసిన ఋతురాగాలు ధారావాహికను తెలుగు కుటుంబములు ఎంత మక్కువతో చూచినవో పలువురకు జ్ఞాపకముండును.

2020 మార్చి 28న, కరోనా కారణముగా జనులు ఇండ్లలో నిలిచిపోయిన వేళ, రామాయణము మరల ప్రసారమైనది. ఏప్రిల్ 16 నాటి భాగమును 7.7 కోట్లమంది చూచిరని ప్రసార భారతి ప్రకటించినది. తలుపు ఇంకను తెరచియే యున్నదని దీనివలన తేలినది. కాని పాత కథ ముగియగానే ఆ జనసందోహము పలుచబడినది. వచ్చినవారిని కూర్చుండబెట్టుటకు లోపల క్రొత్త వంట సిద్ధముగా లేదు.

అట్లని దూరదర్శన్ వద్ద సాధనములు లేకపోలేదు. 2004 డిసెంబరులో ప్రారంభమైన ఉచిత డిష్ సేవ నెలసరి చందా లేకయే కోట్ల ఇండ్లకు చేరినది. ఇతర సంస్థలు సొమ్ము చెల్లించి అందులో చోటు సంపాదించుచున్నవి. వీధి అరుగును అద్దెకిచ్చి తాను పెరటిగదిలో కూర్చుండు గృహస్థు నిట్లే చూచెదము! ఆ డిష్ గల ఇండ్లలో అనేకము పల్లెలలోనివి, చందా కట్టజాలనివి. వారి కొరకు హైదరాబాదు, విజయవాడ కేంద్రములు రాత్రి 8 గంటలకు ఒక మంచి తెలుగు నవలను ధారావాహికగా నిర్మించి, తొలి నెలలలో చూచువారు కొద్దిమందియైనను ఏడాది పాటు వేళ మార్చకుండ ప్రసారము చేయవలెను. క్రికెట్ పోటీకొరకు గాని, ఉపన్యాసముకొరకు గాని దానిని ప్రక్కకు నెట్టరాదు. ఖర్చు కొంత యగును. అంతకంటె కష్టమైనది, మూడవ నెలలో లెక్కలు చూచి బెదరి ఆపివేయకుండుట.