వేప దస్తీ వేసిన సీటు

శంకర్‌పల్లి, చేవెళ్ల పొలాల గట్ల మీద వేపచెట్లకు కరువు లేదు. వేపతో క్యాన్సర్ మాయమవుతుందనే వాట్సాప్ సందేశాలకూ కరువు లేదు. వేపాకులో నింబోలైడ్ అనే పదార్థం ఉంది. ప్రయోగశాలలో పెంచిన క్యాన్సర్ కణాలను అది చంపుతుందని చాలాకాలంగా తెలుసు. మన బాలానగర్‌లోని ఔషధ పరిశోధన సంస్థ నైపర్ పరిశోధకులూ దాని మీద పనిచేశారు. అయితే గాజు గిన్నెలో కణాలు బ్లీచింగ్ నీళ్లకూ చస్తాయి. అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది: వేలాది ప్రొటీన్ల మధ్య నింబోలైడ్ పోయి దేన్ని పట్టుకుంటోంది?

2019లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, బర్క్‌లీలోని డేనియల్ నొమురా బృందం దీనికి జవాబు చెప్పింది. ప్రొటీన్లలో అక్కడక్కడా సిస్టీన్ అనే అమైనో ఆమ్లం ఉంటుంది. దానిలోని గంధకానికి నింబోలైడ్ అతుక్కుంటే ఇక ఊడదు. రొమ్ము క్యాన్సర్ కణాల ప్రొటీన్లను రెండు వాటాలు చేసి, ఒకదానికే నింబోలైడ్ కలిపారు. తర్వాత రెండింటిలోనూ, ఖాళీ సిస్టీన్ ఎక్కడ కనబడితే అక్కడ అంటుకునే మరో రసాయనం వేశారు. ఆర్టీసీ బస్సులో ముందే దస్తీ పడ్డ సీటులో ఇంకొకరు కూర్చోలేరు కదా! మాస్ స్పెక్ట్రోమీటర్‌తో రెండు వాటాలనూ పోల్చి, నింబోలైడ్ ఉన్నచోట ఆ రసాయనానికి సీటు దొరకని ప్రొటీన్లను ఏరారు.

అలా అనుమానితులు కొన్ని తేలాయి. కణాల్లో ఒక్కో ప్రొటీన్‌నూ తగ్గించి చూస్తే, ఆర్‌ఎన్‌ఎఫ్-114 తగ్గినప్పుడు నింబోలైడ్ జోరు పడిపోయింది. అసలు గురి అదే. పనికిరాని ప్రొటీన్లకు 'పారేయండి' అని ముద్ర వేయడం ఆర్‌ఎన్‌ఎఫ్-114 పని. కణ విభజనకు బ్రేకు వేసే పి-21కి కూడా అది ముద్ర వేస్తుంది. నింబోలైడ్ అడ్డుపడితే పి-21 మిగులుతుంది, విభజన ఆగుతుంది.

నాకు వింతగా తోచింది ఆర్‌ఎన్‌ఎఫ్-114 మీద నింబోలైడ్ అతుక్కున్న చోటే. అది ఆ ప్రొటీన్ అమైనో ఆమ్లాల గొలుసులో ఎనిమిదో స్థానంలోని సిస్టీన్. స్థిరమైన ఆకారమే లేని భాగం. మందు ఇమిడే గుంట కోసం వెతికేవాళ్లు ఈ వైపు చూసి ఉండేవారు కాదు.

బృందం అక్కడితో ఆగలేదు. నింబోలైడ్‌కు ఇంకో అణువును జోడించి, క్యాన్సర్‌కు తోడ్పడే బీఆర్‌డీ-4 అనే ప్రొటీన్‌ను ఆర్‌ఎన్‌ఎఫ్-114 దగ్గరికి లాక్కొచ్చారు, ముద్ర వేయించి పారేయించారు. అంటే గురి తెలిశాక వేప పదార్థం పనిముట్టైంది. ఇదంతా కణాల్లో జరిగిన సంగతి. వేపాకు నమిలితే వచ్చే ఫలితం కాదు, చికిత్స మానుకోవడానికి సాకు అసలే కాదు. 2021 నాటికి అదే బృందం, ఆ సిస్టీన్‌కే అతుక్కునే ఈఎన్-219 అనే చిన్న కృత్రిమ అణువును కనిపెట్టింది. దాని తయారీకి వేపచెట్టుతో పనే లేదు.